స్కౌట్ దళంలో పెట్రోల్ లీడర్‌గా బాగా రాణిస్తున్న కుర్రాడు పై బాధ్యత వద్దంటున్నాడు, ఏం చేయాలి?

తాడుముడి
మా స్కౌట్ దళంలో ఒక పద్నాలుగేళ్ల కుర్రాడు పెట్రోల్ లీడర్‌గా, అంటే దళంలోని ఒక చిన్న జట్టుకు నాయకుడిగా ఉన్నాడు. ముడులు, పటం, దిక్సూచి, గుడారం అన్నీ అతనికి కొట్టినపిండి. అతను నోరు విప్పకముందే పెట్రోల్‌లోని పిల్లలు పని అందుకుంటారు. పెట్రోళ్లన్నిటికీ పెద్దగా ఉండే మా ట్రూప్ లీడర్ వయసు దాటి రోవర్లలోకి, అంటే యువకుల విభాగంలోకి వెళ్లిపోతున్నాడు. ఆ స్థానంలోకి రమ్మని ఈ అబ్బాయిని అడిగితే "నాకు నా పెట్రోల్ చాలు సార్" అన్నాడు. ఇంకోసారి అడిగాను. ఆ తర్వాత రెండు సమావేశాలకు రానేలేదు. మూడోదానికి వచ్చి, నా కంట పడకుండా ఒక మూల తాళ్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

బలవంతపెడితే మొత్తానికే మానేస్తాడేమోనని భయం. వదిలేస్తే ఉన్నచోటే ఉండిపోతాడని బాధ. ఇలాంటి పిల్లలను పెద్ద పనులకు మీరు ఎలా అలవాటు చేశారు? నాయకత్వ లక్షణాల జాబితాలు మాత్రం పెట్టకండి, అవి నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

పాతటోపీ
మీరు అతనికి పదవి ఇవ్వజూపారు. అందులో పని ఏమిటో చెప్పారా? ట్రూప్ లీడర్ అనగానే పిల్లలకు గుర్తొచ్చేది వరుసకు ముందు నిలబడి కేకలు వేసే మనిషి. అలా ఉండడం ఇష్టం లేని పిల్లలే చాలాసార్లు ఆ పనికి తగినవాళ్లు.

పదవి మాట పక్కన పెట్టి ఒక పని అప్పగించండి. "వచ్చే నడక యాత్రలో మూడు పెట్రోళ్లూ మూడు దారుల్లో బయలుదేరి మధ్యాహ్నానికి ఒకచోట కలవాలి. దారులు నువ్వు గీయి. ఎవరు ఏ దారిన వెళ్లాలో మిగతా లీడర్లతో కూర్చుని తేల్చు" అనండి. అది చేశాడంటే ట్రూప్ లీడర్ పనిలో సగం చేసినట్టే. ఆ సంగతి అప్పుడే అతనికి చెప్పనక్కరలేదు.

చిరునిప్పు
నేను ఒప్పుకోను. పిల్లవాడు స్పష్టంగా వద్దన్నాడు. వద్దన్న పనినే వేరే పేరుతో అంటగడితే అది మోసం. తెలిసిన రోజున ఇక మీ మాట నమ్మడు. అయినా ఒక పెట్రోల్‌ను కలహం లేకుండా నడపడం చిన్న విషయమా? ప్రతి పిల్లా పైకి పాకుతూనే ఉండాలని ఎక్కడ రాసి ఉంది?

ఈలపాట
మా ఆఫీసులో నాకు జరుగుతున్నది సరిగ్గా పాతటోపీ గారి పద్ధతే. పై అధికారి పని నాతో చేయిస్తున్నారు. ఆ సంగతి అప్పుడే నాకు చెప్పనక్కరలేదట.

పాతటోపీ
ఈలపాట గారూ, మీ అధికారి ఏ దళంలో పెరిగారో కనుక్కోండి.

చిరునిప్పు గారి మాటలో న్యాయం ఉంది. సరే, దాచవద్దు. "ఇది ట్రూప్ లీడర్ చేసే పని. ఈ ఒక్క యాత్రకు చేసి చూడు. నచ్చకపోతే అక్కడితో సరి" అని నేరుగా చెప్పండి. ఫలానా రోజుతో ముగిసిపోతుందంటే పిల్లలు ఊ అంటారు. ఏడాది పొడవునా అంటే పెద్దవాళ్లమే నసుగుతాం.

తాడుముడి
అందరూ పైకి పాకాలని నేను అనడం లేదు చిరునిప్పు గారూ. ఇంకో చిక్కుంది. అతనికి సహాయకుడిగా ఉన్నవాడికి పదమూడేళ్లు. బాధ్యత తీసుకోవడానికి ఉబలాటపడుతున్నాడు. పైవాడు కదిలితే తప్ప వీడికి చోటు లేదు. మొన్న గుడారం తాడు మేకుకు ఎలా బిగించాలో ఈ చిన్నవాడు ఇద్దరు కొత్తపిల్లలకు చూపిస్తున్నాడు. మావాడు పక్కనుంచి వచ్చాడు, ఏమీ అనలేదు, ఆ ముడి విప్పి తానే మళ్లీ వేసి వెళ్లిపోయాడు. ముడి నిజంగానే బాగా కుదిరింది. చిన్నవాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కొత్తపిల్లలు ఇద్దరూ వాడి ముఖం చూశారు.

దిక్సూచి
ఈ సంగతి మొదటి పోస్టులోనే రాయాల్సింది! మీవాడికి పని చేయడం వచ్చు, చేయించడం ఇంకా రాలేదు. అతను చెప్పకముందే పిల్లలు కదులుతున్నారంటే ఎవరి పని ఏదో ఎప్పుడో స్థిరపడిపోయిందన్నమాట. అతనికి కొత్తగా తేల్చాల్సింది ఏమీ మిగల్లేదు. ట్రూప్ లీడర్ మాట తర్వాత. ముందు సొంత పెట్రోల్‌లోనే పని కాస్త కష్టం చేయండి. ఒక శిబిరం మొత్తం అతను తాడునూ మేకునూ చేత్తో ముట్టుకోకూడదు, అంతా మాటతోనే చేయించాలి అని షరతు పెట్టండి.

మేం నేర్పే వరుస ఇది: చెప్పడం, చేసి చూపడం, పక్కన ఉండి చేయించడం, ఆ తర్వాత తప్పుకోవడం. చేతిపని బాగా వచ్చిన పిల్లలు రెండో మెట్టు దగ్గర ఆగిపోతారు. చేసి చూపిస్తే మెప్పు వస్తుంది కదా. తప్పుకున్నవాడిని ఎవరూ మెచ్చుకోరు. అక్కడ మెచ్చుకోవాల్సింది మనమే.

చిరునిప్పు
చేత్తో ముట్టుకోకూడదన్న షరతు నచ్చింది. స్కౌట్ మాస్టర్లకు కూడా పెట్టాలి.

ఈలపాట
పెడితే సగం గుడారాలు లేవవు.

చిరునిప్పు
లేవకపోతే పిల్లలే లేపుకుంటారు. అందుకే పెట్టమంటున్నది.

గుడారం చివర
నేను మాజీ ట్రూప్ లీడర్‌ని, ఇప్పుడు రోవర్‌ని. ఆ పదవిలోకి వెళ్తే కుర్రాడు ఏం పోగొట్టుకుంటాడో ఇక్కడ ఎవరూ అడగలేదు. పెట్రోల్‌నే పోగొట్టుకుంటాడు. ఆ జెండా, ఆ కేక, తనకంటూ ఒక మూల ఉన్న గుడారం. నేను ట్రూప్ లీడర్ అయ్యాక వెళ్లిన మొదటి శిబిరంలో రాత్రి నేను ఎక్కడ పడుకోవాలో ఎవరూ ఆలోచించలేదు. పాత గుడారంలోకి వెళ్తే నా చోటులో వేరే కుర్రాడి సంచి ఉంది. పెద్దల గుడారంలో పిల్లలు పడుకోకూడదు, అది ఎలాగూ నియమం. చివరికి సామాను గుడారంలో తాళ్ల చుట్టలు జరుపుకుని పడుకున్నాను. మా పాత పెట్రోల్ నవ్వులు గుడ్డకు అవతలనుంచి వినిపిస్తూనే ఉన్నాయి. తిరిగి వచ్చాక మానేస్తానన్నాను.

మా స్కౌట్ మాస్టర్ బతిమాలలేదు. పెట్రోల్ లీడర్లందరినీ కలిపి ఒక పెట్రోల్ చేశారు. దానికి ఒక గుర్తు, ఒక కేక, అప్పుడప్పుడు మేం మాత్రమే వెళ్లే నడక, శిబిరంలో మాకంటూ ఒక గుడారం. దానికి లీడర్‌ని నేను. దళానికి కొత్తగా ఏది నేర్పాలన్నా ముందు మేం నేర్చుకునేవాళ్లం, తర్వాత ఎవరి పెట్రోల్‌కు వారు నేర్పేవారు. ట్రూప్ లీడర్ ఏం చేయాలో నాకు అప్పుడు తెలిసింది. ఇరవై నాలుగు మందిని చూసుకోవాలంటే భయం వేసింది గాని, ముగ్గురు లీడర్లను చూసుకోవడం నాకు అలవాటైన పనిలాగే అనిపించింది.

"నా పెట్రోల్ చాలు" అన్న మాటను తాడుముడి గారు బెరుకు అనుకుంటున్నారు. నాకు మాత్రం ఆ అబ్బాయి ఉన్న మాటే చెప్పాడనిపిస్తోంది.

నీలిస్కార్ఫ్
మీ పోస్టును మా దగ్గర గైడ్ దళాలను, అంటే ఆడపిల్లల దళాలను నడిపే కెప్టెన్లందరికీ చూపిస్తాను. పడుకునే చోటు గురించి మా శిబిరాల్లోనూ ఎవరూ ఆలోచించరు.

చదువరి
లీడర్ల మీద ఇంత భారం పెట్టడం ఇప్పటి ఆలోచన కాదు. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పవెల్ పెట్టిన ప్రయోగ శిబిరంలోనే పిల్లలను తోడేలు, ఎద్దు, బొంతకాకి, కర్ల్యూ అనే నీటిపక్షి పేర్లతో నాలుగు పెట్రోళ్లు చేశారు. ఒక్కోదాన్ని ఒక పెద్ద కుర్రాడి చేతిలో పెట్టారు. శిబిరంలోనూ బయటా తన పెట్రోల్ నడవడికకు ఆ కుర్రాడిదే పూచీ. రాత్రికి ఒక పెట్రోల్ చొప్పున విడిగా వెళ్లి, తామే వండుకుని, కాపలా ఉండేవారు. పెద్దలు దగ్గర్లో లేరని కాదు, పని మాత్రం పిల్లలదే.

దానికి ముందు దక్షిణాఫ్రికాలోని మేఫెకింగ్ ముట్టడిలో, 1899-1900లో, వార్తలు మోసిన పిల్లల దళానికి గుడ్‌ఇయర్ అనే కుర్రాడే సార్జెంట్ మేజర్.

చిరునిప్పు
మేఫెకింగ్‌ను ఇందులోకి తేకండి. అది యుద్ధం. ఊరు ముట్టడిలో ఉంటే పిల్లలకు వద్దనే వీలెక్కడిది? మనం మాట్లాడుతున్నది వద్దని చెప్పగలిగిన పిల్లవాడి గురించి.

చదువరి
అంగీకరిస్తున్నాను. బ్రౌన్‌సీ వరకే ఉంచుకుందాం.

ఇద్దరమ్మ
నేను స్కౌట్ మాస్టర్‌ని కాను, ఇద్దరు పిల్లల తల్లిని. రెండు సమావేశాలకు రాలేదన్నారు, ఇంట్లో వాళ్లను అడిగారా? పరీక్షలని ఇంట్లో వద్దంటే, ఆ మాట బయట చెప్పడం పిల్లలకు నామోషీ. తమకే ఇష్టం లేదంటారు. అమ్మానాన్నల మీద మాట పడనివ్వరు.

ఇంకొకటి. పిల్లలకు బాధ్యత ఇచ్చినప్పుడు ఇంట్లో వాళ్లు ఏం చేయకూడదో కూడా చెప్పండి. మా పెద్దమ్మాయికి శిబిరం సామాను జాబితా రాసే పని ఇచ్చారు. మా ఆయన రాత్రి కూర్చుని గళ్లు గీసి, చక్కగా టైపు చేసి ఇచ్చారు. కెప్టెన్ ఆ కాగితం చూసి "మీ పెట్రోల్‌లో కొత్త సభ్యుడు చేరాడా?" అని అడిగారట.

ఈలపాట
మీ ఆయనకు ఏ బ్యాడ్జి ఇచ్చారు?

ఇద్దరమ్మ
వచ్చే శిబిరానికి రావద్దన్నారు.

తాడుముడి
ఇంట్లో అడగడం నాకు తట్టలేదు. ఈ వారంలో ఫోను చేస్తాను.

నీలిస్కార్ఫ్
నోరు మెదపని పిల్లల గురించి కూడా మాట్లాడుకుందాం. పై బాధ్యత అంటే అందరి ముందూ నిలబడడమే అనుకుంటే వాళ్లు ఎప్పటికీ రారు.

మా గైడ్ కంపెనీలో, అంటే దళంలో, ఒక అమ్మాయి సామాను గది చూసుకునేది. పదిమంది ముందు మాట్లాడమంటే గొంతు పెగలదు. మేం ఆమెను ఆ గదిలోంచి బయటికి లాగలేదు. ఆ గదిలోనే పని పెంచుతూ పోయాం. మొదట గుడారాలు, తాళ్లు లెక్కపెట్టడం. తర్వాత ఎవరు ఏం తీసుకెళ్లారో పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకోవడం. తర్వాత ఇద్దరు చిన్నపిల్లలకు ఆ లెక్క నేర్పడం. తర్వాత నడక యాత్రలో పెట్రోల్ సామాను ఎవరి సంచిలో ఎంత వెళ్లాలో నిర్ణయించడం. ఒక్కో మెట్టుకూ మాట్లాడాల్సిన మనుషులు పెరిగారు. మాట్లాడేది మాత్రం తనకు క్షుణ్ణంగా తెలిసిన సంగతే.

ఒకరోజు తనకంటే రెండేళ్లు పెద్దదైన పెట్రోల్ లీడర్ గొడ్డలి కోసం వచ్చింది. ఈ అమ్మాయి గొడ్డలి పిడి పట్టుకుని నేలవైపు రెండుసార్లు విదిలించి చూసింది. గొడ్డలి తల సన్నగా కదిలింది. "ఇది ఇవ్వను" అంది. పెద్దమ్మాయికి తొందర, గొంతు పెంచింది. ఈమె గొడ్డలిని వెనక బల్ల మీద పెట్టి, పుస్తకంలో ఏదో రాసుకుని, "చీల బిగించాక ఇస్తాను, అరగంట ఆగి రా" అంది. నేను గుమ్మం బయటే ఉన్నాను. పెద్దమ్మాయి నావైపు తిరిగింది. "సామాను సంగతి నన్ను అడిగితే ఎలా, ఆమెను అడగాలి కదా" అన్నాను. తర్వాత ఎన్నికల్లో లీడర్లే ఆమెను కోర్ట్ ఆఫ్ ఆనర్‌కు, అంటే లీడర్లంతా కూర్చుని మాట్లాడుకునే సభకు, కార్యదర్శిగా కూర్చోబెట్టారు. ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది.

పాతటోపీ
గుమ్మం దగ్గర మీరన్న ఆ ఒక్క మాట లేకపోతే కథ వేరేగా ఉండేది. "పోనీలే, ఇచ్చేయి" అని మీరు అని ఉంటే ఆ అమ్మాయి మళ్లీ ఎవరికీ అడ్డు చెప్పేది కాదు. పెద్ద బాధ్యత ఇచ్చామంటాం, కాదనే అధికారం మాత్రం మన దగ్గరే పెట్టుకుంటాం. పిల్లలకు ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

గోధుమచొక్కా
మీరంతా ఎంపిక చేసి ఇస్తున్నట్టున్నారు. మా దగ్గర అన్నిటికీ ఎన్నికే. ఏటా బాగా పరుగెత్తేవాడే గెలుస్తాడు. ఏం చేస్తాం?

దిక్సూచి
పెట్రోల్ తన లీడర్‌ను తానే ఎన్నుకోవడం మంచిదే. పరుగెత్తేవాడు గెలిచినా ఫరవాలేదు, ఆరు నెలల గడువు పెట్టండి. రెండో ఎన్నికలో పిల్లలే సరిచేసుకుంటారు. పరుగు బాగుండి పని రానివాడితో ఒక వాన శిబిరం గడిపితే చాలు. ట్రూప్ లీడర్‌ను మాత్రం పెట్రోల్ లీడర్లు స్కౌట్ మాస్టర్‌తో మాట్లాడి తేల్చుకోవడం మేలు. అతనితో కలిసి పని చేయాల్సింది వాళ్లు.

గోధుమచొక్కా
మరి బ్యాడ్జి కోసం పదవి తీసుకుని, సంతకం పడగానే మాయమయ్యేవాళ్లు?

దిక్సూచి
చేరేరోజునే అడగండి, "నీ గడువు ముగిసేసరికి ఈ దళంలో ఏం మారి ఉండాలి?" అని. జవాబు కోర్ట్ ఆఫ్ ఆనర్ పుస్తకంలో రాయించండి. సంతకం అడిగిన రోజున ఆ పేజీ తీసి చదవమనండి. నేను ఒక్క మాట కూడా అననక్కరలేకుండా పోయిన సందర్భాలున్నాయి.

ఇద్దరమ్మ
వదిలేయాలి, తప్పుకోవాలి అని అందరూ అంటున్నారు. ఎంతవరకు? నా పిల్లలు కూడా ఆ గుడారాల్లోనే ఉంటారు కదా.

పాతటోపీ
మంచి ప్రశ్న. నీరు, నిప్పు, ఎత్తు, వాహనాలు తిరిగే రోడ్డు, పదునైన పనిముట్లు, మందులు. వీటి దగ్గర చివరి మాట పెద్దలదే. గుడారం కురిసినా, వంట మాడినా, దారి తప్పి గంట ఆలస్యమైనా పిల్లలే తేల్చుకోవాలి. దారి తప్పినప్పుడు ఎక్కడ ఆగాలో, ఎవరికి కబురు చేయాలో ముందే నేర్పి ఉండాలి, అది వేరే సంగతి.

గోధుమచొక్కా
గుడారం కురిస్తే కూడా చూస్తూ ఊరుకోవాలా? పదేళ్ల పిల్ల రాత్రంతా తడిసి జ్వరం తెచ్చుకుంటే తల్లిదండ్రులకు ఏం చెబుతారు?

పాతటోపీ
రాత్రంతా అనలేదు. వాన మొదలైనప్పుడు పెట్రోల్ లీడర్ ఏం చేస్తాడో చూడండి. పొడి గుడారంలోకి చిన్నవాళ్లను పంపాడా, తన సంచి ముందు కాపాడుకున్నాడా? ఆ కాసేపు మీరు వెళ్లి తాళ్లు లాగకండి. చలికి వణికే పిల్ల కనిపిస్తే ఎవరి అనుమతీ అక్కరలేదు, తెచ్చి పొడిబట్టలు వేయండి.

నీలిస్కార్ఫ్
ఒకటి కలుపుతాను. పై బాధ్యత గురించి పిల్లలతో విడిగా మాట్లాడాలనుకుంటే మూసిన గదిలో వద్దు. నలుగురికీ కనిపించే చోట, మాట వినపడనంత దూరంలో. పిల్లల రక్షణకు ఈ నియమం ఎలాగూ ఉండాలి. పైగా మైదానం అంచున నడుస్తూ మాట్లాడితే పిల్లలు తొందరగా నోరు విప్పుతారు, ముఖంలోకి చూడనక్కరలేదు కాబట్టి.

చదువరి
తప్పుకోవడం పెద్దలకూ నేర్పాలని మొదట్లోనే గుర్తించారు. 1919లో ఇంగ్లండ్‌లోని గిల్వెల్ పార్కులో స్కౌట్ మాస్టర్ల కోసం మొదలైన వుడ్ బ్యాడ్జ్ శిక్షణలో పెద్దలే పెట్రోళ్లుగా విడిపోయి ఉండాలి, వంతులవారీగా లీడర్ పని చేయాలి. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

పాతటోపీ
అవును. నా వంతు రాగానే నా పెట్రోల్‌లోని ఐదుగురు స్కౌట్ మాస్టర్లూ ఐదు రకాలుగా పొయ్యి వెలిగించబోయారు. పెద్దల మీద పెట్రోల్ లీడర్‌గా ఉండడం అన్నిటికంటే కష్టం.

తాడుముడి
ఇంటికి ఫోను చేశాను. వాళ్లకు అభ్యంతరం లేదు, సంతోషమే. నీలిస్కార్ఫ్ గారు చెప్పినట్టు మైదానం చుట్టూ నడుస్తూ మాట్లాడాను. ఇక్కడ మనం ఊహించిన కారణాలేవీ కావు. ఇప్పటి ట్రూప్ లీడర్ ప్రతి సమావేశం తర్వాత నా దగ్గరికి వచ్చి ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు కొట్టుకున్నారో చెబుతాడు. అది నేను అడిగి చేయించే పనే. "అతను మీకు అన్నీ మోస్తాడు సార్. అందుకే అతనొస్తే ఎవరూ మాట్లాడరు. నాతో కూడా మానేస్తారు" అన్నాడు.

గుడారం చివర
నేను కూడా అదే చేసేవాణ్ని. చేయమన్నారు కాబట్టి చేశాను. మీ కుర్రాడు నాకంటే తెలివైనవాడు.

చిరునిప్పు
ఇప్పుడు ఒప్పుకుంటాను, ఇతను ట్రూప్ లీడర్ కావాల్సినవాడే. వద్దన్న కారణమే చాలు.

దిక్సూచి
ఆ చేరవేత ఆపేయండి. చిన్న తగాదాలు లీడర్లే తమ కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో తీర్చుకుంటారు, బయటికి రావు. కానీ ఒక గీత ముందే గీయాలి. ఎవరినైనా ఏడిపిస్తున్నా, కొడుతున్నా, ఎవరికైనా ప్రమాదం ఉందనిపించినా అది పెద్దలకు చెప్పి తీరాలి. అది చాడీ కాదని కుర్రాడి ఒక్కడితోనే కాదు, దళం మొత్తానికీ మీ నోటితో చెప్పండి. లేకపోతే ఆ బరువంతా అతని మీదే పడుతుంది.

తాడుముడి
చెబుతాను. యాత్ర దారులు గీయడానికి మాత్రం ఒప్పుకున్నాడు, ఆ ఒక్కసారికే. పదవి మాట నేను ఎత్తలేదు. ఆ రోజు పెట్రోల్‌ను పదమూడేళ్లవాడు నడుపుతాడు.

నీలిస్కార్ఫ్
పటం ముందురోజు తప్పకుండా చూడండి. దిద్దకండి. ప్రమాదం ఉన్న చోట వేలు పెట్టి "ఇక్కడ ఏం చేస్తారు?" అని అడగండి. మిగతావి ఎంత వంకరగా ఉన్నా సరే.

చిరునిప్పు
చిన్నవాడికి పెట్రోల్ జెండా మీరు ఇవ్వకండి. మీవాడి చేతే ఇప్పించండి. ఆ తర్వాత ముడులు విప్పడానికి అటువైపు వెళ్లకుండా చూసుకోండి.

ఈలపాట
ఎవరు, కుర్రాడా, తాడుముడి గారా?

చిరునిప్పు
ఇద్దరూ.